డ్రిల్లు మాస్టారి మెత్తని బూట్లు

పాదాల మీద ఎవరూ పెద్దగా రాయలేదు. కళ్ళ మీద రాశారు, ముక్కు మీద రాశారు, నడుము మీద రాసినవాళ్ళకి లెక్కే లేదు. పాదాల దగ్గరికొచ్చేసరికి, అవి దేవుడివో గురువువో అయితే తప్ప, కలం కదలదు. ముప్ఫయ్యేళ్ళు దేశం మీద పడి తిరిగాను కాబట్టి నాకు మాత్రం మనిషి ఎదురైతే చూపు ముందు కిందికే పోతుంది. కోనసీమ పాదం వేరు. చిన్నప్పట్నించీ ఊబిలో దిగబడకుండా వేళ్ళు విచ్చుకోవడం నేర్చిన పాదం. విసనకర్రలా ముందు వెడల్పు, వెనక సన్నం. అలాంటి పాదాన్ని బూటులో ఇరికించడం చిన్న సంగతి కాదు. ఆ సంగతిలో బాగా దెబ్బతిన్న ఒకాయన గురించి చెబుతాను.

పేరు బాబూరావు. పి.గన్నవరానికి దిగువన కాలవ గట్టునున్న ఒక పేటలో పుట్టాడు. నాలుగు మైళ్ళ దూరంలో హైస్కూలు ఉంటే అందులో డ్రిల్లు మాస్టారు. నేను ఆయన్ని ఎరిగింది ఎనభై తొమ్మిదిలో. గట్టు మీద నాతోపాటు నడుస్తూ, సగం నవ్వుతూ సగం మండుతూ, ఇదంతా ఆయనే చెప్పాడు.

"రాసుకోండి సార్. నాకేం సిగ్గు లేదండి. అయిపోయిన సంగతే కదండీ" అన్నాడు.

అయిపోలేదని మొహమే చెబుతోంది.

బాబూరావు తాత పాలేరు. కాలికి చెప్పులుంటే పెద్ద రైతుల వీధి మొదట్లోనే విప్పి, చంకలో పెట్టుకుని, ఆ వీధి దాటాక తొడుక్కునే రోజులు ఆయనవి. తండ్రి నాటికి చంకలోంచి చేతిలోకి వచ్చాయి. బాబూరావు వ్యాయామ ఉపాధ్యాయుల ట్రైనింగు ముగించుకుని అరవై ఏడులో బస్సు దిగినప్పుడు కాళ్ళకి తెల్లటి కేన్వాసు బూట్లున్నాయి. సుద్ద పూసి, ఎండబెట్టి, నాడాలు బిగించిన బూట్లు. ఆ బూట్లతో పెద్ద వీధిలో ఈ చివర్నించి ఆ చివరికి నడిచాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక తాత ఆ బూట్లని ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరాడట.

పేటలో మొదటి బూటు నాది, మొదటి జీతం నాది అని ఆయన లోపల ఒక పీట వేసుకున్నాడు. మనిషి ఒకసారి మొదటివాడయ్యాక, రెండోవాడుగా బతకడం నేర్చుకోవడానికి ఒక జన్మ చాలదు.

ఇక పరుగు సంగతి. ఆ పేట చర్చిలో ఏటా ఫిబ్రవరి మొదటి ఆదివారం కోతల పండగ. వడ్లు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోడిపెట్టలు, ఎవరి పంటలోంచి వాళ్ళు తెచ్చి దేవుడి బల్ల ముందు పోస్తారు. ఆ పొద్దున మగవాళ్ళకి పరుగు. చర్చి గుమ్మంలోంచి బయల్దేరి గట్టు వెంట, కాలవని ఏటి మీదుగా దాటించే గన్నవరం అక్విడెక్టు దాకా పోయి తిరిగి రావాలి. నాలుగు మైళ్ళు. ముందొచ్చినవాడు ఆ ఏటి మొదటి చక్కెరకేళి గెల భుజానికెత్తుకుని అందరికన్నా ముందు చర్చిలో అడుగుపెడతాడు. పాస్టరుగారు కూడా అతని వెనకే. బాబూరావు ఆ గెలని పదకొండేళ్ళు వరసగా మోశాడు.

పన్నెండో ఏడు, అంటే ఎనభై మూడులో, సాలమోను మోశాడు. సాలమోను బావమరిది, భార్య సుందరికి తమ్ముడు. అక్క పెళ్ళినాటికి పన్నెండేళ్ళవాడు. వాడికి చేతులు ఎలా ఊపాలో, ఊపిరి ఎక్కడ దాచుకోవాలో నేర్పింది బాబూరావే. ఇప్పుడు పాతికేళ్ళు దాటి, ఆ చుట్టుపక్కల గట్లమీద ఉత్తరాలు పంచే పోస్టుమేను అయ్యాడు. బూట్లు లేవు, సైకిలూ లేదు, రోజుకి పదిమైళ్ళు ఉత్తకాళ్ళతో నడక. ఆ ఏడు గెల దించి వచ్చి బావ కాళ్ళ దగ్గర కూలబడి, "అంతా మీరు పెట్టిన భిక్షేనండి బావగారూ" అన్నాడు.

"ఆ మాటకి నాకెలా కాలిందో చెప్పలేనండి" అన్నాడు బాబూరావు నాతో. "గెలిచి విర్రవీగినా బాగుణ్ణండి. తిట్టుకోడానికి ఏదన్నా ఉండాలి కదండీ మనిషికి!"

ఆ ఏప్రిల్లోనే కువైటు నుంచి ఉత్తరం వచ్చింది. సుందరికి అక్క పుష్పలత అక్కడ ఆస్పత్రిలో నర్సు. తమ్ముడు పరుగులో గెలిచాడన్న వార్త విని పొంగిపోయి, ఇక్కడ పరిగెత్తడానికే వేరే బూట్లున్నాయని, అడుగున స్పాంజి దిండు వేసినట్టుంటుందని, కాలు నేలకి తగిలినట్టే తెలియదని, వాడి కాలి కొలత పంపమని రాసింది. నాగమణి అని ఆ పేట మనిషే, కువైటులో ఆయాగా చేస్తోంది, సెలవుకొచ్చి తిరిగి వెళ్ళబోతోంది. కొలత ఆమె చేతికి ఇస్తే చాలు.

మరిది ఊసు ఆ ఉత్తరంలో ఒక చోటే ఉంది. చివర్న. "మరిదిగారిని అడిగినట్టు చెప్పు."

పట్నంలో చెప్పులు కొనాల్సి వచ్చినప్పుడు ఆ సీమలో ఇప్పటికీ ఒక పద్ధతుంది. కాలు నేలమీద ఆనించి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా కొబ్బరి ఈనె పెట్టి, సరిగ్గా అక్కడికి విరుస్తారు. ఆ ఈనె ముక్క పట్నం వెళ్ళేవాళ్ళకి ఇస్తే, దుకాణంలో చెప్పుకి దాన్ని ఆనించి కొనుక్కొస్తారు. సుందరి తమ్ముణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి, రెండుసార్లు కొలిచి, ఈనె విరిచి, కాగితంలో చుట్టి, "సాలమోను కుడికాలు" అని రాసింది. రాజోల్లో బస్సెక్కబోయే నాగమణికి అందించమని మొగుడి చేతిలోనే పెట్టింది.

బాబూరావు సైకిలెక్కాడు. అక్విడెక్టు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు తొక్కడం మానేశాయట. సైకిలు గోడకి చేరవేసి, మెట్లమీద కూర్చుని, బూటు విప్పి, కాగితం విప్పి, ఈనెని తన పాదం పక్కన పెట్టుకున్నాడు. బొటనవేలి వెడల్పంత ముందుకి మిగిలింది. వాడి కాళ్ళు కూడా నాకన్నా పొడుగే అనుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, లేక ఏమీ అనుకోలేదో, ఆ మిగిలిన ముక్కని గోటితో నొక్కి విరిచి కాలవలో పారేశాడు.

"పాడుచెయ్యాలని కాదండి" అన్నాడు నాతో. "వాడికి పట్టకపోతే పారేస్తారా? ఇంట్లో ఇంకో మొగాడి కాలు ఉంది కదండీ."

రాజోల్లో నాగమణి కాగితం అందుకుని, "సాలమోను అదృష్టవంతుడండి మాస్టారూ, అక్క ఉంటే అలా ఉండాలి" అంది. "ఆయ్, అదృష్టమేనండి" అన్నాడు.

బూట్లు నవంబరులో వచ్చాయి. ఎవరిదో పెట్టెలో చీరలమధ్య చుట్టి. నీలంరంగు, పక్కన తెల్లచారలు, అడుగు రెండంగుళాల మందం. బాబూరావు అత్తగారు కృపమ్మ ఇంటి అరుగు మీద పెట్టారు. పేట పేటంతా వచ్చి వాటిని బొటనవేలితో నొక్కి చూసింది. నొక్కితే తాజా ఇడ్లీలా దిగుతుంది, వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. ఒక ముసలాయన చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, ఊపిరి పీలుస్తోందన్నాడు.

సాలమోను కాళ్ళు కడుక్కుని వచ్చి తొడగబోయాడు. వేళ్ళు దూరాయి గాని మడమ బయటే ఉండిపోయింది. కొబ్బరినూనె రాశారు. వెనక గరిటెకాడ దూర్చారు. లాభం లేకపోయింది.

కృపమ్మ కూతురి మీద విరుచుకుపడింది. "ఏవే సుందరీ! ఈనె ముక్క విరవడం కూడా రాకపోతే ఎలాగే? అది అక్కడ రెక్కలు ముక్కలు చేసుకుని కొంటే, కొలత తిన్నగా తియ్యలేకపోయేవా?"

"రెండుసార్లు తీసేనమ్మా. దేవుడి తోడు."

"తీసేవులే! చిన్నప్పట్నించీ నీ కళ్ళు ఎక్కడో, చేతులు ఎక్కడో."

"పోనీలేవే అమ్మా" అన్నాడు సాలమోను నవ్వుతూ. "నా కాలే పెరిగిందేమో. బావగారూ, మీకేవన్నా పడతాయేమో చూడండి."

"నాకెందుకురా" అన్నాడు బాబూరావు.

"చూడండీ."

"నా బూట్లు నాకున్నాయిరా."

"మా మాట తీసెయ్యకండి బావగారూ."

మూడోసారి అడిగించుకుని తొడిగాడు. కాలు జారినట్టు లోపలికి వెళ్ళింది. సాలమోను చప్పట్లు కొట్టి, "కొలిచి కుట్టించినట్టున్నాయండీ!" అన్నాడు. సుందరి మొగుడి కాళ్ళ వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, "పోన్లెండి, మీకన్నా పనికొచ్చేయి" అంది. ఆ మాట దగ్గర నోరు విప్పి ఉంటే కథ అక్కడితో సరి. విప్పలేదు.

ఇక్కడ మూర్ మార్కెట్టు సాయిబు గురించి చెప్పాలి. మద్రాసులో ఆ మార్కెట్టు కాలిపోక ముందు, పాత బూట్లు బాగుచేసి అమ్మే ఒక ముసలి సాయిబు ఉండేవాడు. నేను ఒకరోజు పొద్దున్నే బూట్లకి వెళితే అమ్మనన్నాడు. సాయంత్రం రమ్మన్నాడు. పొద్దుటి కాలు కాలు కాదట. రోజంతా నడిచి ఉబ్బిన కాలే అసలు కాలట. సాయంత్రం వెళితే నిలబెట్టి, రెండు కాళ్ళూ వేరువేరుగా చూసి, పెద్ద కాలికి సరిపడే జతే తీసి, ముందు తన బొటనవేలు ఆనించి, ఇంత ఖాళీ ఉండాలన్నాడు. "చెప్పు అంటే చాప. దానిమీద మనిషి పట్టాడా, చాలు. బూటు అంటే ఇల్లు. ఇంట్లో కాళ్ళు చాపుకోడానికి చోటుండాలి. మెత్తదనం తర్వాత చూసుకో, ముందు చోటు చూసుకో." అంత మంచి మాట నేను చదివిన పుస్తకాల్లో దొరకలేదు.

కోనసీమలో తరతరాలుగా కొలిచింది చెప్పులకి. ఈనె అంత పొడుగుంటే చెప్పు సరిపోతుంది. మూసిన బూటుకి, అందులోనూ పరిగెత్తే బూటుకి, ఆ కొలత చాలదని అక్కడెవరికి తెలుసు? పొద్దుటిపూట మెట్ల మీద కూర్చుని, బరువు ఆనించని కాలికి అచ్చుగుద్దినట్టు విరిచిన ఈనె తెచ్చిన బూట్లవి. మొదటి మైలు మబ్బుల మీద నడిచినట్టుంది. రెండో మైల్లో వేళ్ళు ముందు గోడకి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. జనవరి నాటికి రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నేరేడుపండు రంగుకి తిరిగాయి. రాయి తగిలిందని సుందరితో చెప్పాడు. ఆవిడ రోజూ సాయంత్రం పసుపు, కొబ్బరినూనె కలిపి రాసేది. రాస్తూ, "ఈనె నేను సరిగ్గానే తీసేనండి. ఎక్కడ తప్పిందో నాకర్థం కావట్లేదు" అనేది. "పోనీలేవే, మనుషులన్నాక పొరపాట్లు ఉంటాయి" అనేవాడు పెద్దమనసు చేసుకుని.

ఎనభై నాలుగు ఫిబ్రవరి. కోతల పండగ. పద్దెనిమిది మంది బయల్దేరారు. నీలం బూట్లు చూసి దారిపక్క జనం "కువైటు మాస్టారూ!" అని కేకలు వేశారు. అక్విడెక్టు దాకా బాబూరావే ముందు. వెనక్కి తిరిగి చూస్తే సాలమోను నలభై గజాల వెనక. మిగతావాళ్ళు కనుచూపు మేరలో లేరు. ఈసారి గెల నాదే అనుకున్నాడు. తిరుగు దారిలో అర మైలు పళ్ళు కరుచుకుని పరిగెత్తాడు. తర్వాత ఒక్కసారిగా గట్టుమీద కూలబడ్డాడు. నాడాలు విప్పబోతే తొందరలో ముడి ఇంకా బిగుసుకుంది.

సాలమోను వచ్చాడు. దాటిపోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళతో ముడి లాగి, బూటు ఊడదీశాడు. మేజోడు తడిసి ఎర్రగా ఉంది.

"అయ్యబాబోయ్! ఇదేంటండి బావగారూ? మీకూ చాల్లేదా ఇవి? చెప్పొచ్చు కదండీ!"

జాలిగా అన్న ఆ మాట బాబూరావు తట్టుకోలేకపోయాడు.

"నీకు పట్టకుండా చేసింది నేనేరా. ఈనె నేనే విరిచేను. నా కాలికి సరిపడా విరిచేను. విన్నావా?"

సాలమోను చేతిలో బూటు అలాగే ఉంది. "ఆయ్" అన్నాడు. అంతే. బూటు మెల్లిగా పక్కనపెట్టాడు. గట్టు వంపులో మిగతావాళ్ళు కనబడ్డారు. "కూర్చోండి. ఎవరిచేతనన్నా సైకిలు పంపుతాను" అని లేచి పరుగందుకున్నాడు. ఉత్తకాళ్ళు దుమ్ములో టపటపలాడుతూ దూరమయ్యాయి. ఎంత తేలిగ్గా, ఎంత అందంగా పరిగెత్తాడో బాబూరావు అయిదేళ్ళ తర్వాత కూడా నాకు చేతులు ఊపి చూపించాడు. నేర్పినవాడి గర్వమూ ఉంది అందులో, కాదనను. మంట మాత్రం ఎక్కువ పాలు.

సాలమోనే గెల మోశాడు. బావగారికి కాలు బెణికిందని అందరితో చెప్పాడు. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ నెలంతా, ఇంకొక్క ముక్క ఎవరితోనూ అనలేదు. రోజూ ఉత్తరాల సంచీతో ఇంటిముందు నుంచే వెళ్ళేవాడు. "బాగున్నారా బావగారూ" అనేవాడు. ఈ రోజు చెప్పేస్తాడు, ఈ రోజు చెప్పేస్తాడు అని బాబూరావు గుమ్మంలో నిలబడి ఎదురుచూసేవాడు. చెబితే బాగుణ్ణని కూడా అనిపించేదట. వాడు చెడ్డవాడైతే ఇద్దరూ సమానం కదా.

ఎనభై తొమ్మిదిలో గట్టు మీద నేను సాయిబు మాట చెప్పినప్పుడు బాబూరావు నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు.

"అంటే, సార్, ఆ ఈనె విరవకుండా ఇచ్చేసి ఉంటే..."

"సాలమోనుకి అచ్చంగా వాడి కాలంత బూట్లు వచ్చేవి. వారంలో వాడి గోళ్ళు నల్లబడేవి."

"తీసి నాకిచ్చేసేవాడండి! నాకు ముందు బొటనవేలంత చోటు మిగిలేది!"

"సరిగ్గా ఉండేవి."

చాలా దూరం నడిచాక, "మీరు నాకీ సంగతి చెప్పకుండా ఉండాల్సిందండి" అన్నాడు.

పరుగు జరిగిన మరుసటి నెల, మార్చిలో, పుష్పలత ఉత్తరం వచ్చింది. కృపమ్మకి చదువు రాదు. అరుగు మీద అందరూ ఉండగా సుందరే చదివింది. బూట్లు చిన్నవయ్యాయని నాగమణికి ఎవరో రాశారట. తమ్ముడు మాత్రం చక్కగా సరిపోయాయని, వాటితోనే ఉత్తరాలు పంచుతున్నానని రాశాడట. ఎవరి మాట నిజమని అడిగింది.

కృపమ్మ కొంగుతో కళ్ళు అద్దుకుంది. "చూసేవా తల్లీ, వాడి మనసు! నువ్వు కొలత తప్పితే, అక్క దగ్గర నీ పరువు పోకూడదని అబద్ధమాడేడు నా తండ్రి! వాడి కాలిగోటికి సరిపోరు ఒక్కళ్ళూ!"

సాలమోను తలొంచుకుని సంచీలో ఉత్తరాలు సర్దుకున్నాడు. సుందరి కాగితం మడత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. బాబూరావు వెనకే వెళ్ళాడు. పొయ్యి ముందు కూర్చుని, చప్పుడు కాకుండా ఏడుస్తోంది.

మంచితనం పొంగి చెప్పాననుకునేరు, కాదు, అని నాతో ఒట్టేసి చెప్పాడు బాబూరావు. నా మూలంగా వాడికి ఆ పేరు వస్తోంటే చూడలేకపోయానన్నాడు. నా పాపంతో వాడు పుణ్యాత్ముడు అవుతున్నాడు సార్, అన్నాడు.

"కొలత నువ్వు తప్పలేదు" అన్నాడు సుందరితో. "నేను విరిచేను. దారిలో."

ఆవిడ తల తిప్పి చూసింది.

"ఎప్పుడు?"

"నాగమణికి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు."

"అంటే ఏడాది. బూట్లొచ్చిందగ్గర్నించీ అందరూ నన్ను కొలత రాని మనిషంటూంటే, వింటూ నా చేతి అన్నం తిన్నారు."

బాబూరావు పొయ్యిలోంచి జారిన పుల్లని లోపలికి తోశాడు.

"సాలమోనుకి తెలుసా?" అని అడిగింది.

"తెలుసు. పరుగునాడు చెప్పేను."

"వాడికి ముందు చెప్పేరన్నమాట" అంది సుందరి. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "వాడూ విని ఊరుకున్నాడన్నమాట. అమ్మ నన్నన్నేసి మాటలంటూంటే!"

ఆ నిమిషంలో తన గుండెల్లో ఏం జరిగిందో బాబూరావు నాకు దాచకుండా చెప్పాడు. ఎగిరి గంతేసిందట. సాలమోనులో తప్పు దొరికింది! ఏడాదిగా వెతుకుతున్న తప్పు, సాక్షాత్తూ వాడి అక్క నోటి నుంచే! నన్ను కాపాడదామని అక్కని బలిపెట్టాడు. పుణ్యాత్ముడు కాడు, మామూలు మనిషే. ఆ సంతోషంలో తను క్షమాపణ అడగాల్సి ఉందన్న సంగతే మర్చిపోయాడు.

సుందరి మర్చిపోలేదు. కాగితం, కలం తెచ్చి ముందు పెట్టింది. "అక్కకి రాయండి. మీ చేత్తో."

రాశాడు. "పూజ్యులైన వదినగారికి, కొన్ని పరిస్థితుల వల్ల" అని మొదలుపెడితే చింపేసింది. "ఏ పరిస్థితులండీ? చేతికి పక్షవాతం వచ్చిందా?" రెండోసారి ఈనె విరిచింది తనేనని రాసి, సాలమోనుకి కూడా ఈ సంగతి తెలిసి ఊరుకున్నాడని ఒక వాక్యం చేర్చాడు. ఆ వాక్యం మీద ఆవిడ వేలు పెట్టింది. "వాడి సంగతి నేను చూసుకుంటాను. మీది మీరు రాయండి." మూడో కాగితం మీద నాలుగు ముక్కలే మిగిలాయి. బాబూరావు సంతకం పెట్టాడు.

మర్నాడు పదింటికి సాలమోను సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. సుందరి గుమ్మంలోనే ఆపి ఉత్తరం చేతిలో పెట్టింది. పెట్టి, మొదలుపెట్టింది. "ఒరేయ్ సాలమోనూ, నీకు ముక్కు తుడవడం నేర్పింది ఎవర్రా? జ్వరం వస్తే నెత్తిమీద గుడ్డలు వేసింది ఎవర్రా? దొంగ సచ్చినోడా, అమ్మ నన్ను తిడుతూంటే నిల్చుని చూస్తావా? నీకు బావ ఎక్కువయ్యేడా?" అరగంటసేపు తిట్టింది. మధ్యలో భుజం మీద రెండు వేసింది. మళ్ళీ ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. "లేదక్కా, బావగారు చిన్నబోతారని" అంటే ఇంకో రెండు వేసింది. ఎండలో నిలబడి ఉన్నాడని మజ్జిగ తెచ్చి ఇచ్చి, వాడు తాగుతూంటే అదే ఊపులో తిట్టింది.

బాబూరావు లోపల కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి అంతా విన్నాడు. తనని నిన్న నాలుగు మాటలతో వదిలేసింది. ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. ఈ పూట కాఫీ కూడా బల్లమీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

"వాణ్ణి అరగంట తిట్టిందండి" అన్నాడు నాతో, అయిదేళ్ళ తర్వాత, గట్టు మీద. "అరగంట!"